చెంద్రయ్య ఎడమ పక్క

"చిన్నప్పటి సంగతులు ఇంకా పట్టుకుని వేలాడతావేంట్రా" అనే మాట వింటే నాకు ఒళ్లు మండిపోతుంది. ఆ మాట అనేవాళ్లని ఎప్పుడైనా గమనించారా? ఒక్కడూ దెబ్బలు తిన్నవాడై ఉండడు. అట్లాంటివాళ్లు మీ ఇంట్లో ఎవరన్నా ఉంటే పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి. ఇది ఎద్దుల కథే గానీ, చెప్పేది వాళ్ల కోసం.

కొండ కింద రైతు గురవయ్య చేను ఉంది. చేనుకి ఒక మూల రెల్లు కప్పిన కొట్టం. ఆ కొట్టంలో నీలమ్మ అనే ముసలి గేదె, లచ్చి అనే వాగుడుకాయ మేక, ఓ పది కోళ్లు, చెంద్రయ్య అనే ఎద్దు కాపురం ఉండేవి. చెంద్రయ్యది ఎరుపూ గోధుమా కలిసిన పుల్లరంగు ఒళ్లు, నుదుట మాత్రం చందమామ లాంటి తెల్లమచ్చ. పనికి దిగితే రాక్షసుడు. ఎండా వానా అనడు, పొడిచి తోలే ములుకోల ఎత్తే పని పెట్టడు.

అయితే వాడికో తిక్క ఉండేది. అందరూ దాన్ని తిక్కే అనేవాళ్లు మరి. కొట్టంలో వాడి ఎడమ పక్కన గోడ ఉండాలి, లేకపోతే మేత గొంతు దిగదు. కుడితి తొట్టి దగ్గరికి అందరూ తాగి వెళ్లిపోయాకే వెళ్లేవాడు, అడుగున మిగిలిన మడ్డి తాగి వచ్చేవాడు. ఎడమ పక్కన కోడి రెక్కలు విదిల్చినా సరే, వాడి వెనక కాలు గాల్లోకి లేచేది.

కాడికి ఎడమ పక్కన కట్టే ఎద్దుని దాపటెద్దు అంటారు, కుడి పక్కన కట్టేదాన్ని వలపటెద్దు. చెంద్రయ్య ఎప్పుడూ దాపటే. దాపట ఉన్నప్పుడు వాడి ఎడమ పక్కన గాలి తప్ప ఇంకెవరూ ఉండరు. వలపట రంగడనే ఎద్దు ఉండేవాడు, మాటా పలుకూ లేని మనిషి. ఎద్దుని మనిషి అన్నానా? పోనీండి, అంత మంచివాడు. ఆ రంగడు వయసైపోయి మొన్న చలికాలంలో పోయాడు. తొలకరి పడేసరికి గురవయ్యకి జోడెద్దు కావాల్సి వచ్చింది. చెంద్రయ్య రంగుకి సరిపోయేలా, అదే పుల్లరంగు చూసి, అంతే ఎత్తు చూసి, పొరుగు తాలూకా నుంచి ఒక ఎద్దుని తోలుకొచ్చాడు. దాని పేరు కోటయ్య.

కోటయ్య కొట్టంలోకి వస్తూనే కొమ్ములు ఊపి అందరినీ పలకరించాడు. మూల నిలబడ్డ చెంద్రయ్య దగ్గరికి వచ్చేసరికి ఆగి, వాడి నుదుటి మచ్చ ఎగాదిగా చూసి, కొట్టం అదిరిపోయేలా నవ్వాడు.

"ఓరి నీ దుంప తెగ! నువ్వు గొట్టంపాలోడివి గదూ!"

చెంద్రయ్య నోట్లో గడ్డి నోట్లోనే ఉండిపోయింది.

"గొట్టంపాలోడా? అదేం పేరు?" అంది లచ్చి మేక, చెవులు రిక్కించి.

"వీడి పేరే! పుట్టగానే తల్లి చచ్చిపోతే వెదురుగొట్టంతో పాలు పోసి పెంచారు. మేమంతా ఒకే మంద దూడలం. అబ్బో, ఏం ఆటలనుకున్నావు! సాయంత్రం కుడితి తొట్టి దగ్గరికి వచ్చేవాడా, కుడి పక్కన గోడ. నేను ఎడమ పక్క నుంచి వచ్చి డొక్కలో ఒక్క పోటు పొడిచేవాణ్ణి. గోడకి కొట్టుకుని, వెనక్కి వచ్చి, తొట్లో మూతి పెట్టి పడేవాడు."

"అయ్యో!" అంది లచ్చి. అంటూనే కిసుక్కున నవ్వింది.

"అసలు సంగతి ఇంకా విను. కొన్నాళ్లకి పొడిచే పని కూడా లేకుండా పోయింది. నేను వచ్చి ఊరికే ఎడమ పక్కన నిలబడితే చాలు, కళ్లు గట్టిగా మూసుకుని, ముందుకాళ్లు మోకాళ్ల దగ్గర మడిచేసి, ఇదిగో, ఇట్టా వణికేవాడు!" అని కోటయ్య కళ్లు మూసి, మోకాళ్లు మడిచి, ఒళ్లంతా వణికించి చూపించాడు. ఎంత బాగా చేశాడంటే కోళ్లు కూడా ఆపుకోలేకపోయాయి.

నవ్వనిది నీలమ్మ ఒక్కతే. "ఒరే కోటయ్యా, నవ్వింది చాలుగానీ, వాడి మొహం చూశావా?" అంది.

"ఏందత్తా, చిన్ననాటి నేస్తాలం. ఆ మాత్రం సరదా పడకూడదా?"

ఒక్క మాట చెప్పాలి. కోటయ్య చెడ్డవాడు కాదు. పనిదొంగ కాదు, పక్కవాడి మేతలో మూతి పెట్టే రకం కాదు. చెంద్రయ్యని చూసి నిజంగానే సంతోషపడ్డాడు. నాకు చిరాకు తెప్పించేది కూడా అదే. దుర్మార్గుడైతే తిట్టి ఊరుకుంటాం. వీడికి తను చేసిందేమిటో తెలియనే తెలియదు!

ఆ కథ విన్నవాడు ఇంకొకడు ఉన్నాడు. కొట్టం వెనక గడ్డివామి చాటున, కోళ్ల మీద కన్నేసి కూర్చున్న నక్క పానకాలు. పేరుకి తగ్గట్టు వాడి నోట్లో నుంచి పానకం కారేది గానీ, ఆ నోటి చలవ వల్ల బాగుపడ్డవాళ్లు ఆ కొండ మీద ఎవరూ లేరు.

మర్నాడు గురవయ్య విత్తనం వెయ్యడానికి గొర్రు కట్టాడు. కోటయ్యని అమ్మినవాడు "వీడు దాపట అలవాటైన ఎద్దు" అని చెప్పి పంపాడు కాబట్టి, వాణ్ణి దాపట కట్టి, చెంద్రయ్యని వలపటకి మార్చాడు. అంటే ఏమైంది? చెంద్రయ్య ఎడమ పక్కకి కోటయ్య వచ్చాడు.

మొదటి సాలు సగం దాకా చెంద్రయ్య పళ్లబిగువున లాగాడు. ఒళ్లంతా చెమట. అంతలో కోటయ్య ఈగని తోలుకోవడానికి తల ఇటు విదిల్చాడు. అంతే, చెంద్రయ్య ఎడమకాలు ఈడ్చి తన్నింది. కాడి ఎగిరింది, గొర్రు పక్కకి పడింది, గింజలన్నీ ఒక్కచోటే కుప్పగా రాలాయి. లేపి కట్టారు. మళ్లీ అదే. పొద్దెక్కేసరికి చేలో సాళ్లన్నీ వాగులో పాము పోయినట్టు మెలికలు తిరిగాయి. విత్తనం సాలు వంకరపోతే దాచుకోవడానికి ఉండదు, పైరు మొలిచాక ఊరంతా చూస్తుంది. గురవయ్య తలపాగా తీసి మొహం తుడుచుకుని, "ఇన్నేళ్లలో ఏనాడూ లేదు, ఈ ఎద్దుకి ఏం వచ్చిందిరా నాయనా" అన్నాడు. "రేపు కూడా ఇట్టాగే తన్నితే ఇంక నావల్ల కాదు. సంతకి తోలెయ్యాల్సిందే."

ఆ వయసు ఎద్దుని సంతలో కొనేది రైతులు కాదని గురవయ్యకి తెలుసు, నీలమ్మకి తెలుసు, చెంద్రయ్యకి ఇంకా బాగా తెలుసు.

సాయంత్రం కోటయ్య తొడ నాక్కుంటూ చెంద్రయ్యని నిలదీశాడు. "ఏరా, నేనేం చేశానని తన్నావు? పక్కన నిలబడ్డానంతే గదా!"

"నువ్వేం చెయ్యలేదు."

"మరి?"

"నేను తన్నాలని తన్నలేదు. నువ్వు ఆ పక్కన ఉంటే నా కాలు నా మాట వినదు."

"ఇంకా ఆ దూడప్పటి సంగతేనా? మంచోడివే! అప్పుడేదో ఆడుకున్నాం."

"ఆడింది నువ్వు," అన్నాడు చెంద్రయ్య. "నేను ఆడలేదు."

కోటయ్య తోక విదిల్చి అవతలికి పోయాడు. చెంద్రయ్య మేతకని కొండవాలుకి వెళ్లాక, నీలమ్మ కోటయ్య దగ్గరికి వచ్చి మెల్లగా అంది.

"ఒరే అబ్బాయ్, నువ్వు వలపటకి మారు. కాడి కట్టే వేళకి నువ్వే వెళ్లి కుడి పక్కన నిలబడితే గురవయ్య కాదనడు. ఎద్దు తనంత తనే నిలబడిన పక్కనే కడతాడు. వాడి ఎడమ పక్క ఖాళీ అయితే వాడు ఎప్పటిలా పని చేసుకుంటాడు. పీకల మీదికొచ్చింది వాడికి."

"నేను పుట్టు దాపటని అత్తా! ఎక్కడికి పోయినా దాపటే కట్టారు నన్ను. ఇప్పుడు వీడి కోసం పక్క మారితే అడుగులు తడబడవూ? ములుకోల పోట్లు ఎవరు తింటారు? నలుగురూ చూసి నవ్వరూ?"

"నలుగురూ నవ్వితే ఎట్టా ఉంటుందో నీకూ తెలుసన్నమాట," అంది నీలమ్మ.

కోటయ్య వినపడనట్టు నెమరువేశాడు.

అటు కొండవాలులో చెంద్రయ్య గడ్డి కొరుకుతున్నాడే గానీ మింగుడు పడటం లేదు. ఇంతలో దూరం నుంచి చిన్న దగ్గు వినిపించింది.

"తమ్ముడూ, నేనే, పానకాలుని. కుడి పక్క నుంచే వస్తున్నా. ఉలిక్కిపడమాక."

చెంద్రయ్య కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. పుట్టి బుద్ధెరిగాక వాడి దగ్గరికి అట్లా చెప్పి వచ్చినవాళ్లు లేరు.

"నీ సంగతి విన్నాను తమ్ముడూ. రాత్రి నాకు ముద్ద దిగలేదనుకో. చిన్నప్పుడు నన్నూ మా అన్నలు ఇట్టాగే కాల్చుకు తిన్నారు," అన్నాడు పానకాలు. వాడికి అన్నలే లేరు, అది వేరే సంగతి. "వాళ్లకేం తెలుస్తుంది మన బాధ? నా మాట విని ఇక్కణ్ణుంచి వచ్చెయ్యి. వాగు దాటితే పచ్చిక బీడు ఉంది. కాడి లేదు, ములుకోల లేదు, కోటయ్య లేడు. నీ ఎడమ పక్కకి ఎవడూ రాడు. రేపు పొద్దు వాలే వేళకి వాగు మలుపులో నిలబడు. దగ్గరుండి దాటిస్తా."

"నాకోసం నువ్వెందుకు ఇంత చెయ్యడం?"

"అదేం మాట తమ్ముడూ! నిన్ను చూస్తే నా సొంత తమ్ముడిలా అనిపించావు."

మీరైతే నక్క మాట నమ్మరు. నేనూ నమ్మను. కానీ ఎప్పుడూ పోట్లు తిన్నవాడికి ఒక్క మంచి మాట ఎవరు చెప్పినా కొండంత. వాణ్ణి తెలివితక్కువవాడు అనకండి, ఆకలిగొన్నవాడు అనండి. రేపు ఏమవుతుందో చూసి చెబుతానన్నాడు చెంద్రయ్య.

పానకాలు అక్కణ్ణుంచి తిన్నగా కొండ మీద గుహకి పోయాడు. అందులో ఒక ముసలి చిరుతపులి ఉండేది. కోరలు అరిగాయి, చూపు మందగించింది, కుందేళ్ల మీద బతుకు వెళ్లదీస్తోంది.

"దొరా, రేపు తమరికి ఎద్దు మాంసం," అన్నాడు పానకాలు.

"వేళాకోళంగా ఉందా? ఎద్దు కొమ్ము ఒక్కటి తగిలితే నేను మళ్లీ లేస్తానా?"

"ఇది కొమ్ము విసిరే ఎద్దు కాదు దొరా. ఎడమ పక్క నుంచి ఎవరన్నా వస్తే చాలు, కళ్లు మూసుకుని మోకాళ్లు మడిచేస్తుంది. తమరు తాపీగా వెళ్లి మెడ పట్టుకోవచ్చు. నాకు ఓ తొడ పారేస్తే చాలు."

"ఎవడు చెప్పాడు?"

"దాన్ని అట్లా తయారుచేసినవాడే చెప్పాడు."

"అది దూడప్పటి మాటేమో! ఇప్పుడూ అట్లాగే చేస్తుందో లేదో కనుక్కునిరా. అప్పుడు చూద్దాం," అంది చిరుత. ముసలిదైనా తెలివి అరిగిపోలేదు.

మర్నాడు చేలో మళ్లీ అదే భాగోతం. ఈసారి తన్నుకి గొర్రు కర్రే విరిగింది. గురవయ్య అరవలేదు. గొర్రు విప్పి గట్టు మీద కూర్చుని, "సోమవారం తోలుకుపోతా. నన్ను క్షమించరా అయ్యా," అని చెంద్రయ్య గంగడోలు నిమిరాడు. ఆ మాటతో చెంద్రయ్యకి ఇంక ఆలోచించేదేమీ లేకపోయింది.

మధ్యాహ్నం గట్టు మీద ఒంటరిగా ఉన్న కోటయ్య దగ్గరికి పానకాలు చేరాడు.

"బావా, మొన్న నువ్వు చెప్పిన కథ తలుచుకుంటే కడుపు చెక్కలవుతోంది! నిజంగా మోకాళ్లు మడిచేవాడా?"

"ఒట్టు! నిలువునా కూలబడేవాడు."

"ఎడమ పక్క నుంచి వస్తేనేనా? కుడి పక్క నుంచి వచ్చినా?"

"ఎడమే. కుడి పక్క గోడ గదా."

"పెద్దయ్యాక కూడా అంతేనంటావా?"

"అంతే! మొన్న నేను కొట్టంలో ఎదురుపడితే మోకాళ్లు గజగజలాడాయి, నా కళ్లారా చూశాను," అన్నాడు కోటయ్య. కాలు తన్నిన సంగతి మాత్రం చెప్పలేదు. తను దెబ్బ తిన్న కథ నక్క ముందు చెప్పుకుంటాడా ఎక్కడైనా?

పొద్దు వాలబోతోంది. కోటయ్య కొట్టానికి వచ్చి, "చూశావా అత్తా, నా కథకి ఎంత గిరాకీనో! కొండ మీద పానకాలు కూడా వచ్చి రెండోసారి చెప్పించుకుని మరీ పోయాడు. ఎడమా కుడా అని అంత వివరంగా అడిగాడు," అన్నాడు.

నీలమ్మ నెమరు ఆపింది. "ఎడమో కుడో నక్కకెందుకురా?"

"సరదాకి..."

"మాంసం తినేవాడు ఎద్దుకి ఏ పక్క భయమో అడిగితే సరదాకి అడిగినట్టా? చెంద్రయ్య ఎక్కడ?"

కోటయ్య చుట్టూ చూశాడు. మూల గోడ పక్కన వాడి చోటు ఖాళీగా ఉంది. "ఇందాక వాగు వైపు పోతున్నాడు, పలకరించినా పలకలేదు," అంది లచ్చి మేక. నీలమ్మ కోటయ్య కళ్లలోకి చూసింది. సరదాకి చెప్పుకున్న కథ ఒక ప్రాణం మీదికి దారి చూపించిందని కోటయ్యకి అప్పుడు తలకెక్కింది. మెడలో పలుపు ఈడ్చుకుంటూ పరిగెత్తాడు.

వాగుకి ఇవతల బండల దగ్గర చెంద్రయ్య కనిపించాడు.

"ఆగరా! మలుపు దగ్గరికి పోమాక! పానకాలు నిన్ను ఎవరికో ఎర వేస్తున్నాడు!"

చెంద్రయ్య వెనక్కి తిరిగి, ముందు తన ఎడమ పక్కని బండకి ఆనించుకుని, అప్పుడు చూశాడు. "మళ్లీ ఆటా?"

"ఆట కాదురా, నా మీద ఒట్టు."

"నీ మీద ఒట్టు వేస్తే నేను నమ్మాలా? 'తాగరా, ఈ రోజు ఏం చెయ్యను' అని ఎన్నిసార్లు ఒట్టు వెయ్యలేదు నువ్వు! నమ్మి మూతి పెట్టిన ప్రతిసారీ పొడిచావు. ఆ నక్క ఒక్కసారి కూడా నన్ను ఎగతాళి చెయ్యలేదు. తప్పుకో."

కోటయ్య తప్పుకోలేదు. ఆ ఒట్లు వాడికి గుర్తే లేవు. గుర్తు లేనంత మాత్రాన అబద్ధమని ఎట్లా అనగలడు?

"సరే, నన్ను నమ్మొద్దు," అన్నాడు చివరికి. "ఈ బండ చాటున నిలబడి చూడు చాలు. నీ బదులు నేను పోతాను. ఇద్దరిదీ ఒకటే రంగు, మసక వెలుతురు, నా మొహం అటు తిప్పుకుంటా. పానకాలు మంచివాడైతే వాగు దాటించడానికి వస్తాడు. అప్పుడు నువ్వు వెళ్లిపో, నేను అడ్డుపడను."

చెంద్రయ్య బండ వెనక్కి జరిగాడు.

కోటయ్య వాగు మలుపులోకి వెళ్లి నిలబడ్డాడు. ఎగువన రాతి మీద పానకాలు నీడ కదిలింది. పక్కనే పొదలో గడ్డి ఒకసారి ఊగింది. కోటయ్య లోపల లెక్క వేసుకున్నాడు: కళ్లు మూసుకుని మోకాళ్లు మడిచినట్టు నటిస్తే, ఆ వచ్చేదేదో ధీమాగా దగ్గరికి వస్తుంది, రాగానే కొమ్ములతో ఎగరేసి కొడదాం. నటించడం వాడికి కొత్తా? ఎన్నిసార్లు చేసి చూపించాడు! కళ్లు మూసుకున్నాడు, మోకాళ్లు మడిచాడు. రాతి మీద నుంచి పానకాలు ఆ మోకాళ్లు చూసి, "వీడే దొరా, వెళ్లండి," అన్నాడు.

కళ్లు మూసుకున్నాక కోటయ్యకి వాగు చప్పుడు ఒక్కటే వినపడింది. ఎడమ పక్కన గడ్డి చిన్నగా చప్పుడు చేసింది. వచ్చిందా? రాలేదు. మళ్లీ చప్పుడు. ఇప్పుడా? ఇప్పుడూ కాదు. డొక్కలో చర్మం దానంతట అదే ముడుచుకుంది. దెబ్బ ఎక్కడ పడుతుందో, ఎప్పుడు పడుతుందో, ఎంత గట్టిగా పడుతుందో తెలియదు. వణుకు నటించాల్సిన పని లేకపోయింది. చాలు, లేద్దాం అనుకున్నాడు. మోకాళ్లు లేవలేదు. అరుద్దాం అనుకున్నాడు, గొంతు పెగల్లేదు. ఇంత పెద్ద ఒళ్లు, ఇంత పెద్ద కొమ్ములు, ఒక్కటీ వాడి మాట వినలేదు.

అప్పుడు చిరుత దూకింది. ఎడమ డొక్క మీద గోళ్లు దిగబడ్డాయి.

బండ చాటున చెంద్రయ్య చూస్తూనే ఉన్నాడు. కోటయ్య చెప్పింది నిజమేనని తెలిసిపోయింది. కళ్లు మూసుకుని, మోకాళ్లు మడిచి, ఎడమ పక్కన దెబ్బ తింటున్న ఆ ఎద్దుని చూస్తూ వాడు ఒక్క క్షణం అట్లాగే నిలబడ్డాడు. ఆ క్షణంలో ఏమనుకున్నాడో వాడే చెప్పాలి. ఊరుకుని ఉంటే వాణ్ణి అడిగేవాళ్లు లేరు. పగ తీరిపోయేది. కాడి మీద పక్క కూడా ఖాళీ అయ్యేది. కానీ అక్కడ వాడికి కోటయ్య కనిపించలేదు. తొట్టి దగ్గరి దూడ కనిపించింది. ఆ రోజుల్లో ఒక్కరన్నా వస్తే బాగుండునని అది ఎంత ఎదురుచూసిందో వాడికి తెలుసు. ఎవరూ రాలేదు.

చెంద్రయ్య తల వంచి దూసుకుపోయాడు. కొమ్ము చిరుత పక్కటెముకల్లో తగిలింది. అది ఎగిరి వాగులో పడి, నీళ్లు మింగి, పానకాలు కూర్చున్న రాతి కిందికి పాక్కుంటూ చేరింది.

"ఒక్కటే ఎద్దన్నావు గదరా! కొమ్ము విసరదన్నావు గదరా!" అని రాతి మీదికి లంఘించింది. 

"ఆ ఎద్దు చెప్పిన మాటే దొరా, నా సొంతంగా ఒక్క ముక్క కూడా..." అంటూనే పానకాలు పరుగు లంకించుకున్నాడు. సగం తోక మాత్రం చిరుత పంజా కింద ఉండిపోయింది. ఆ తర్వాత ఆ చుట్టుపక్కల వాడు కనిపించలేదు. కోళ్లు ఇప్పటికీ హాయిగా నిద్రపోతున్నాయి.

కోటయ్య చాలాసేపటికి గానీ కళ్లు తెరవలేదు. తెరిచేసరికి చెంద్రయ్య ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"లేవరా, పోయింది."

"మోకాళ్లు రావడం లేదురా," అన్నాడు కోటయ్య. గొంతు దూడ గొంతులా ఉంది. "గోళ్లు దిగినప్పుడు అంత నెప్పి లేదు. అంతకు ముందే... ఎప్పుడు పడుతుందా అని చూశానే, అదీ..."

"అదే," అన్నాడు చెంద్రయ్య.

"రోజూనా?"

"రోజూ. తొట్టి దగ్గరికి వెళ్లకపోతే దాహం. వెళ్తే నువ్వు."

కోటయ్య ఇంక పైకి చూడలేకపోయాడు. "అది చెప్పి నలుగురినీ నవ్వించాను," అన్నాడు. ఏడ్చాడు కూడా. అంత పెద్ద ఎద్దు ఏడిస్తే చూడటానికి బాగుండదు, అయినా చెబుతున్నా, ఏడ్చాడు. "తప్పయిపోయిందిరా చెంద్రయ్యా."

చెంద్రయ్య పరవాలేదని అనలేదు. పరవాలేదు అనడానికి అది పరవాలేని సంగతి కాదుగదా! "పద, నీలత్త చూస్తూ ఉంటుంది," అన్నాడంతే. కోటయ్య లేచేదాకా మాత్రం పక్కనే ఉన్నాడు.

గాయానికి గురవయ్య పసుపూ వేపనూనే పెట్టాడు. చిరుత చేతిలో నుంచి ఎద్దులు రెండూ ప్రాణాలతో వచ్చాయన్న సంతోషంలో సోమవారం సంతకి బయల్దేరలేదు. పుండు మానేదాకా విత్తనం ఆపుకుని, తేమ ఆరిపోతోందని ఒక తెల్లవారుజామున, కర్ర మార్చిన గొర్రు మళ్లీ తీశాడు. "ఇదే ఆఖరు. ఇవాళ కూడా కుదరకపోతే పై సోమవారం తప్పదు," అన్నాడు.

చెంద్రయ్య తల వంచుకుని వలపట వైపు నడిచాడు. అప్పటికే అక్కడ కోటయ్య నిలబడి ఉన్నాడు.

"ఒరే, నీ పక్క అటు గదరా!" అన్నాడు గురవయ్య.

కోటయ్య కదల్లేదు. అదిలించాడు, కదల్లేదు. ములుకోలతో ఒకటి అంటించాడు, అయినా కదల్లేదు. లచ్చి మేక గట్టు మీద నుంచి, "ఇదేందమ్మా, పుట్టు దాపటయ్య వలపటకి పోయాడు!" అని పకపక నవ్వింది. కోటయ్య విన్నాడు. విని, అక్కడే ఉన్నాడు. చివరికి గురవయ్య విసుక్కుని ఎక్కడివాళ్లని అక్కడే కట్టాడు.

మొదటి సాలంతా కోటయ్య అడుగు అడుగుకీ తడబడ్డాడు. అలవాటు లేని పక్క, ములుకోల పోట్లన్నీ వాడికే. మధ్యలో చెంద్రయ్య తోక కోటయ్య ఎడమ డొక్క మీద తగిలితే ఈసారి ఉలిక్కిపడింది వాడే. పుండు మానింది గానీ భయం అక్కడే ఉంది.

"నేనేలే," అన్నాడు చెంద్రయ్య.

"నువ్వే గదా, పరవాలేదు," అన్నాడు కోటయ్య. 

అట్లా ఒకరి అడుగు ఒకరు చూసుకుంటూ పోయారు. పైరు మొలిచాక చూస్తే మొదట్లో వంకరపోయిన నాలుగు సాళ్లు తప్ప మిగతావన్నీ దారం పట్టి గీసినట్టు ఉన్నాయి.

చెంద్రయ్యకి అంతా నయమైపోయిందని చెప్పి మిమ్మల్ని మోసం చెయ్యను. ఇప్పటికీ వాడికి ఎడమ పక్కన గోడ ఉండాల్సిందే. కోడి రెక్క విదిలిస్తే కాలు లేస్తూనే ఉంది. ఈ జన్మకి అది పోతుందో లేదో నాకు తెలియదు. ఒక్కటి మాత్రం మారింది. సాయంత్రం కుడితి తొట్టి దగ్గరికి వాడు అందరితో పాటు వస్తాడు. వాడు మూతి పెట్టగానే కోటయ్య దూరం నుంచే, "ఒరే చెంద్రయ్యా, నేను వస్తున్నా, ఎడమ పక్కకి," అని కేకేస్తాడు. కేకేసి, వచ్చి, మిగతావాళ్ల వైపు తిరిగి, వాడికి వీపు పెట్టి నిలబడతాడు. ఎవరూ ఆ పక్కకి రాకుండా చూస్తాడు. చెంద్రయ్య కడుపునిండా తాగి తల ఎత్తాకే కోటయ్య తొట్లో మూతి పెడతాడు, అడుగున మిగిలిన మడ్డిలో.

ఆటో కాదో చెప్పాల్సింది దెబ్బ తిన్నవాడు, కొట్టినవాడు కాదు.